పది రోజులు ఆగలేదా?

పెళ్లి మే నెలాఖరున పెట్టుకున్నారు. నిశ్చితార్థమై ఏడాదిన్నర. అబ్బాయికి సెలవు కుదరక ముహూర్తం రెండుసార్లు వెనక్కి జరిగింది, ఈలోగా రోజూ ఫోన్లలో ఇద్దరికీ చనువు పెరిగింది. ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. మే 7 తెల్లవారేసరికి ఆపరేషన్ సిందూర్ మొదలైంది, సెలవులు రద్దయ్యాయి. అబ్బాయి జమ్మూ వైపు ఫిరంగి దళంలో ఉన్నాడు. మే 9న శ్రీసత్యసాయి జిల్లా కల్లితండా నుంచి వెళ్లిన అగ్నివీర్ సరిహద్దులో ప్రాణం విడిచిన వార్త టీవీల్లో వచ్చింది. ఆ సాయంత్రమే పెళ్లికూతురి తండ్రి మధ్యవర్తి గడప తొక్కి, ఈ సంబంధం వద్దనుకుంటున్నామన్నాడు. అబ్బాయి సెలవు మీద వచ్చేదాకా ఈ మాట బయటికి పొక్కనివ్వొద్దని మధ్యవర్తి నచ్చజెప్పి పంపాడు. తండ్రి ఆగాడు, కూతురు ఆగలేదు. 13వ తేదీ రాత్రి అబ్బాయికి తనే మెసేజ్ పెట్టింది.

ఆ మధ్యవర్తి సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యాడు, కార్గిల్ చూసినవాడు. ఆయనకు ఎదురు నిలిచింది సొంత వదినగారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన టీచరమ్మ. ఆవిడ భర్త 1971 యుద్ధంలో మద్రాస్ సాపర్స్‌లో ఉన్నారు, ఇప్పుడు లేరు. వీళ్లది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. మిలటరీ మాధవరం అక్కడికి ఎంతో దూరం లేదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ తరం తర్వాత తరం కొడుకుల్ని సైన్యానికి పంపిన ఊరు అది. సైనికుడి ఇంట్లో ఎదురుచూపు ఎలా ఉంటుందో అటువైపు ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

వాళ్ల వాదన పక్కన కూర్చుని విన్నాను. నా మొగ్గు టీచరమ్మ వైపే, దాచను. కానీ సుబేదారు గారి కోపాన్ని తేలిగ్గా తోసెయ్యగలిగితే ఇది రాసేవాణ్ణి కాదు.

సుబేదారు: ఆ పిల్లని నేనేం తిట్టట్లేదు వదినగారూ. వద్దనుకునే హక్కు ఆమెకుంది. మూడు ముళ్లూ పడకముందే చెప్పింది, అదీ మేలే. నేనడిగేది ఒక్కటే. పది రోజులు ఆగలేదా? వాడు ఛుట్టీ మీద వచ్చాక, అమ్మానాన్నా పక్కనుండగా చెబితే ఏం పోయేది?

టీచరమ్మ: ఆ పది రోజులూ వాడితో ఏం మాట్లాడాలి? రోజూ ఫోను చేస్తాడు. తిన్నావా అంటాడు. తలంబ్రాల చీర ఏ రంగు తీసుకున్నావంటాడు. మనసు తీసేసుకున్నాక నోటితో ఆ మాటలన్నీ ఆడమంటావా?

సుబేదారు: ఆడమంటాను. సరిగ్గా అదే అడుగుతున్నాను. ఆకుపచ్చ చీర తీసుకున్నాను అని చెప్పమంటాను. అబద్ధమే. ఆ అబద్ధం ఒక ప్రాణాన్ని కాస్తుంది.

టీచరమ్మ: అప్పటికి యుద్ధం ఆగి మూడు రోజులైంది కదా. పదో తేదీ సాయంత్రం కాల్పులు ఆపేశామన్నారు.

సుబేదారు: మీకు టీవీలో ఆగింది. పోస్టులో ఎవడూ బూట్లు విప్పలేదు. పైన ఏ డ్రోన్ తిరుగుతుందోనని రాత్రంతా ఆకాశం కేసి చూస్తూ కూర్చున్న కుర్రాళ్లు వాళ్లు. నాలుగు రోజుల తర్వాత ఫోను చేతికిచ్చారు. ఆన్ చెయ్యగానే అదీ వాడు చూసింది.

కార్గిల్‌లో నేను కళ్లారా చూశాను కాబట్టే ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను. 1999 జూన్‌లో మేం ద్రాస్‌లో ఉన్నాం. తోలోలింగ్ మన చేతికొచ్చి వారం కాలేదు. ఉత్తరాలు 56 ఏపీఓ అడ్రసుకి వచ్చేవి, అక్కణ్ణించి రేషన్‌తో పాటు పైకి మోసుకొచ్చేవాళ్లు. ఉత్తరాల సంచి కనబడితే అన్నం కూడా మర్చిపోయేవాళ్లం. మా సెక్షన్‌లో ఓ కుర్రాడికి ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. రాతి చాటున కూర్చుని చదివాడు. ఏ మడతకా మడత మళ్లీ మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. చేతిలో పూరీలు అలాగే గడ్డకట్టుకుపోయాయి. ఏంట్రా అంటే ‘కుఛ్ నహీ సాబ్’ అన్నాడు. రాత్రి వాడి బడ్డీ వచ్చి చెవిలో చెప్పాడు, పిల్లకి వేరే సంబంధం చేసేశారట అని.

వాడి సెంట్రీ డ్యూటీ ఆ రాత్రికి మార్చేశాను. రైఫిల్ తీసేసుకోవాలా అని ఆలోచించాను. ఎదురుగా శత్రువుంటే రైఫిల్ ఎలా తీసుకుంటాం? బడ్డీని వాడి పక్కనే పడుకోమన్నాను, నిద్రపోవద్దని కూడా చెప్పాను. మర్నాటి నుంచి ఏ పనికి మనుషులు కావాలన్నా ముందు వాడి చెయ్యే లేచేది. ఆఫీసరు శభాష్ అన్నారు. నాకు మాత్రం గుండె జారిపోయింది. వాడికి ధైర్యమేం పెరగలేదు, భయం పోయింది అంతే. మందుపాతర్లున్న కొండ మీద, భయం లేనివాడి వెనక ఏడుగురు నడవాలి. వాడొక్కడి గుండె పగిలితే పోయే ప్రాణాలు ఎనిమిది.

టీచరమ్మ: ఆ కుర్రాడు ఏమయ్యాడు?

సుబేదారు: కిందికి దిగాడు. రెండేళ్లకి పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలు.

టీచరమ్మ: అంటే బతికాడు.

సుబేదారు: మేం కళ్లలో వత్తులు వేసుకుని కాశాం కాబట్టి బతికాడు. అందరికీ అలాంటి బడ్డీ దొరకడు. సైనికుల ఆత్మహత్యల గురించి పార్లమెంటులో అడిగినప్పుడల్లా రక్షణ శాఖ చెప్పే కారణాల్లో ఇంటి సమస్యలు, భార్యాభర్తల గొడవలు ఉంటూనే ఉంటాయి.

టీచరమ్మ: ఉంటాయి, కాదనను. కానీ ‘ఇంటి సమస్య’ అని రాసేస్తే ఇల్లు దోషి అయిపోతుంది. నెలల తరబడి మనిషిని ఇంటి ముఖం చూడనివ్వకపోవడం కూడా ఆ సమస్యలో భాగమే కదా. రెండో ప్రపంచ యుద్ధం ముందు ఇంగ్లండ్, వేల్స్‌లో ఏడాదికి పది వేల విడాకులు కూడా లేవు. 1947లో 60 వేలు దాటాయి. ఒక్క దశాబ్దంలో ఆ దేశపు ఆడవాళ్లందరికీ నీతి తప్పిందంటావా? మొగవాళ్లకి తప్పిందంటావా? ఏళ్ల తరబడి ఎడంగా ఉంచితే మనుషులు వేరే మనుషులైపోతారు. తిరిగొచ్చినవాడు వెళ్లినవాడు కాడు. తలుపు తీసింది కూడా వాడు వదిలి వెళ్లిన మనిషి కాదు.

సుబేదారు: ఆ యుద్ధం సంగతే తీశారు కాబట్టి చెబుతాను. మన దేశంలోనే, 1943 మొదట్లో, ఇక్కడ మకాం వేసిన అమెరికా సైనికులు కొందరు ‘బ్రష్ ఆఫ్ క్లబ్’ అని పెట్టుకున్నారు. ప్రియురాళ్లు ఉత్తరం రాసి వదిలేసినవాళ్ల సంఘం. వాళ్ల సైనిక పత్రిక ‘యాంక్’లో ఆ కబురు అచ్చయింది. అలాంటి ఉత్తరానికి వాళ్లలో ‘డియర్ జాన్ లెటర్’ అని ఓ పేరే స్థిరపడింది. వచ్చిన ఉత్తరాన్ని ఒకళ్లకొకళ్లు చదివి వినిపించుకుని నవ్వుకునేవాళ్లు. నవ్వకపోతే ఏమైపోతారో వాళ్లకి తెలుసు. ఇంకో సంగతి. సైనికుడు కోర్టుకి రాలేని చోట ఉంటే అతని మీద సివిల్ కేసులు వాయిదా వేసే వీలు అమెరికా 1940లోనే చట్టంలో పెట్టింది, విడాకుల కేసు సహా. చట్టమే ఆగమంటోంది వదినగారూ. నేనొక్కణ్ణే కాదు.

టీచరమ్మ: చట్టం కోర్టుని ఆగమంది. మనసుని ఆగమనలేదు. ఆ అమెరికావాళ్ల పత్రికల్లో, ప్రసంగాల్లో ఆ ఉత్తరాలు రాసిన అమ్మాయిల్ని ద్రోహుల్ని తిట్టినట్టు తిట్టారు. అదే సైనికులు ఎన్ని ఊళ్లలో ఎంతమందికి మాటిచ్చి ఓడ ఎక్కేశారు? వదిలేయబడ్డ ఆ ఆడవాళ్ల క్లబ్బు గురించి ఏ పత్రికలో చదివావు?

నేను పాఠంగా చెప్పిన రచయిత ఒకాయన ఉన్నాడు, హెమింగ్వే. 1918 జూలైలో ఇటలీ యుద్ధరంగంలో రెడ్‌క్రాస్ తరఫున పనిచేస్తూ గాయపడ్డాడు. ఆసుపత్రిలో ఆగ్నెస్ అనే నర్సుని ప్రేమించాడు. ఆవిడ ఇతనికన్నా ఏడేళ్లు పెద్ద. ఇతను ఇల్లు చేరాక 1919 మార్చిలో, మన పెళ్లి జరగదని ఆవిడ ఉత్తరం రాసింది. పదేళ్ల తర్వాత ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’ నవల రాశాడు. అందులో నర్సు అతన్ని వదిలిపెట్టదు. కాన్పులో చచ్చిపోతుంది. ఏటేటా ఆ సంగతి పిల్లలకి చెబుతున్నప్పుడల్లా నాకు ఒకటే తట్టేది. వదిలి వెళ్లిపోయిన ఆడదానితో ఏం చెయ్యాలో లోకానికి తెలియదు. చనిపోయినదాన్నయితే ప్రేమించడం తేలిక.

సుబేదారు: నవలల సంగతి నాకు తెలియదు. వాడికి ఇరవై ఆరేళ్లు. వాడి పెళ్లిచొక్కా వాళ్లమ్మ బీరువాలో ఉంది.

టీచరమ్మ: ఆ పిల్లకి ఇరవై మూడు. వాళ్ల బీరువాలోనూ చీర ఉంది. ఆ పిల్ల నా దగ్గర చదువుకుంది, మొన్న ఇంటికొచ్చింది కూడా. ఏమందో తెలుసా? ‘నాన్నకి భయం వేసింది టీచర్, నాకు వేసింది భయం కాదు. ఏడో తేదీ నుంచి పదో తేదీ దాకా ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. స్నానానికి వెళ్లినా బకెట్ పక్కనే పెట్టుకున్నాను. మూడో రోజుకి అనిపించింది, ఇంక ఇరవయ్యేళ్లు ఇలాగే కూర్చోవాలి, నేను కూర్చోలేను అని. ఆ సంగతి తెలిసిపోయాక ఆయనతో మామూలుగా మాట్లాడితే మోసం చేసినట్టుంది’ అంది. ఇందులో తప్పెక్కడుందో చూపించు.

సుబేదారు: తప్పు లేదు. తొందర ఉంది.

టీచరమ్మ: మీ అన్నయ్య యుద్ధంలో ఉన్నప్పుడు నేను విశాఖపట్నంలో మా అత్తగారి దగ్గర ఉన్నాను, అంటే మీ అమ్మ దగ్గర. నువ్వప్పుడు చిన్నపిల్లాడివి. 1971 డిసెంబరు 3 రాత్రి ఊరంతా చీకటి, దీపం పెట్టనివ్వలేదు. అర్ధరాత్రి పెద్ద చప్పుడు, కిటికీ అద్దాలు గడగడలాడాయి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరంలో మునిగిపోయిందని తర్వాత తెలిసింది. మర్నాడు నాలాంటిదే పక్కింటి పిల్ల ఏదో అంటే నవ్వాను. మీ అమ్మ చూసి, ‘మొగుడు యుద్ధంలో ఉంటే నీకు నవ్వెలా వస్తుందే’ అంది. ఆవిడ చెడ్డది కాదు, కొడుకు మీద బెంగ. కానీ ఆ రోజు నుంచి నా నవ్వుకి కూడా లెక్క పెట్టేవాళ్లు ఉన్నారని అర్థమైంది. సైనికుడు పోరాడినందుకు జీతం ఉంటుంది, మెడల్ ఉంటుంది, పోతే పింఛను ఉంటుంది. ఎదురుచూసినదానికి ఏముంది? మంచిదన్న పేరు. అది కూడా చివరిదాకా ఎదురుచూస్తేనే.

సుబేదారు: అందుకే కదా సైన్యం ఆడవాళ్లకి సెపరేటెడ్ ఫ్యామిలీ క్వార్టర్స్ ఇస్తోంది, స్కూళ్లు పెడుతోంది…

టీచరమ్మ: ఇస్తోంది. కాపలా కూడా కాస్తోంది. వ్యభిచారాన్ని నేరం చేసే సెక్షన్ 497ని 2018లో సుప్రీంకోర్టు కొట్టేసింది. రక్షణ శాఖ మళ్లీ కోర్టుకెళ్లి, ఆ తీర్పు సైన్యానికి వర్తించకూడదంది. ఎందుకట? కుటుంబానికి దూరంగా కష్టమైన చోట పనిచేసే సైనికుడికి ఇంటి దగ్గర ఏం జరుగుతోందోనన్న ఆందోళన ఎప్పుడూ ఉంటుందట. సైనిక చట్టాల కింద తీసుకునే చర్యలకి ఆ తీర్పు అడ్డు కాదని 2023 జనవరిలో కోర్టు స్పష్టం చేసింది. సైనికుడి మనశ్శాంతికి పూచీ ఎవరు? ఇంట్లో ఉన్న ఆడది.

సుబేదారు: అది భార్యని శిక్షించే చట్టం కాదు వదినగారూ. తోటి ఆఫీసరు సరిహద్దులో ఉంటే వాడి ఇంటి మీద కన్నేసినవాణ్ణి శిక్షించేది. నా ఎడమ పక్కన నడిచేవాణ్ణి నేను నమ్మకపోతే కొండ ఎలా ఎక్కుతాను? ఇందులో మీరు మా వైపు నుంచి ఆలోచించట్లేదు.

ఇక్కడ సుబేదారు గారి మాటే సరైందని నాకనిపించింది. నమ్మకం తుపాకీ కన్నా ముందు కావలసిన చోటు అది. టీచరమ్మ కూడా ఆ సంగతి అక్కడితో వదిలేసి, ఇంకో కథ ఎత్తుకున్నారు.

టీచరమ్మ: సరే, నీ కార్గిల్‌లోనే జరిగింది చెబుతాను. మీరట్ జిల్లా జవాను ఒకడు, పెళ్లయిన కొద్ది రోజులకే యుద్ధానికి పిలుపొచ్చి వెళ్లి కనిపించకుండా పోయాడు. సైన్యం పారిపోయినవాడి కింద రాసేసింది. అంటే ఆ పిల్ల వీరుడి భార్యా కాదు, విధవా కాదు, ఏమీ కాదు. నాలుగేళ్లు చూసి ఇంట్లోవాళ్లు 2003లో ఇంకొకరికిచ్చి పెళ్లి చేశారు. 2004 ఆగస్టులో అతను తిరిగొచ్చాడు. అన్నేళ్లూ పాకిస్తాన్ జైల్లో ఉన్నాడు పాపం. అప్పటికి ఆమె నిండు గర్భిణి. ఓ టీవీ చానల్ స్టూడియోలో పంచాయతీ పెట్టారు. దేశమంతా చూస్తుండగా పెద్దలందరూ కలిసి ఆమెని మొదటి భర్త దగ్గరికి పంపారు. 2006 జనవరిలో చనిపోయింది, చిన్న బిడ్డని వదిలేసి. నీకు ఆ జవాను గుండెకోత కనబడుతుంది. నాకూ కనబడుతుంది. జైలు నుంచి వచ్చి తన ఇల్లు ఇంకొకరిదని విన్నవాడి బాధకి ఏం చెప్పగలం? కానీ సైనికుడి గుండె పగలకూడదని ఒక పిల్లని ఇటు నుంచి అటు మార్చేశారు.

సుబేదారు: ఆ కథ విన్నప్పుడు మేం యూనిట్‌లో రెండుగా చీలిపోయాం. నేను ఆ రెండో భర్త వైపు మాట్లాడాను, నమ్మండి. అన్ని సంవత్సరాలు కబురే లేకపోతే ఎవరు ఆగుతారు? ఆగమనడం దుర్మార్గం. కానీ ఇక్కడ కబురు లేకపోవడం కాదు. కబురు మరీ తొందరగా చేరిపోవడం. మా రోజుల్లో ఉత్తరం పది రోజులు ప్రయాణం చేసేది. చేరేసరికి రాసినవాళ్ల కోపం చల్లారేది, ఇంకో ఉత్తరం వెనకాలే వచ్చేది. ఇప్పుడు సియాచిన్‌లో కూడా 2023లో బీఎస్ఎన్ఎల్ టవరు పెట్టారు. మంచిదే, తల్లి గొంతు వినొచ్చు. దాంతో పాటు అర్ధరాత్రి రెండింటికి ఆ పిల్ల ఆన్‌లైన్‌లో ఉందని కూడా కనబడుతుంది, తన మెసేజ్‌కి నీలం టిక్కు పడి జవాబు రాకపోవడమూ కనబడుతుంది. కొండ మీద ఒక్కడే కూర్చుని అది చూస్తూ ఉంటాడు. మేం ఒక్క ఉత్తరాన్ని ఒక్కసారి చదివి బాధపడ్డాం. వీళ్లు గంటగంటకీ చదువుతారు.

టీచరమ్మ: ఇది నిజం. ఇందులో నీతో గొడవ లేదు.

సుబేదారు: అయితే ఒప్పుకోండి, ఆగాల్సింది.

టీచరమ్మ: ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో ఇంతవరకు ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఘాజీ చప్పుడు విన్న ఆ రాత్రికి నాకు ఐదో నెల. తర్వాత వారంలో కడుపు పోయింది. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని, ‘వాడికి రాయకే, వాడు బాంబుల మధ్య ఉన్నాడు’ అంది. నేనూ అదే అనుకున్నాను. ‘నేనూ, కడుపులో బిడ్డా క్షేమం’ అని ఇన్‌లాండ్ లెటర్ రాశాను. మీ అన్నయ్య శకర్‌గఢ్ వైపు మందుపాతర్లు తీసే పనిలో ఉన్నారు. డిసెంబరు 17న కాల్పులు ఆగిపోయినా పాతర్లు భూమిలోనే ఉంటాయి కదా, వాళ్లని అక్కడే నెలల తరబడి ఉంచేశారు. అక్కణ్ణించి ఆయన పేర్లు రాయడం మొదలుపెట్టారు. ఆడపిల్లయితే ఇది, మగపిల్లాడైతే అది. ప్రతి ఉత్తరంలో ఒక కొత్త పేరు, దాని పక్కన నీ ఇష్టం ఏంటో రాయి అని. నేను రాసేదాన్ని. ఈ పేరు బాగుంది, ఆ పేరు మీ అత్త పేరు కదా, వద్దు అని. లేని బిడ్డకి నాలుగు నెలలు పేర్లు ఎంచాను.

సుబేదారు: …అన్నయ్య ఎప్పుడూ చెప్పలేదు.

టీచరమ్మ: చెప్పరు. ఛుట్టీకి వచ్చి గుమ్మంలో నా పొట్ట కేసి చూశారు. ఏడుస్తారనుకున్నాను. చాలాసేపటికి ఒకే మాట అన్నారు. ‘పాతర తియ్యడానికి పనికొచ్చినవాణ్ణి, నా బిడ్డ కోసం ఏడవడానికి పనికిరాననుకున్నావా?’ ఆయనకి కోపం బిడ్డ పోయినందుకు కాదు. తను నవ్వుకుంటూ ఆ పేర్లు రాస్తున్నప్పుడు నేను ఇక్కడ ఒంటరిగా ఏడుస్తున్నానని, ఆ నవ్వంతా తనకి అవమానంగా మిగిలిందని. ఆ తర్వాత జీవితంలో ఏ ఉత్తరంలో నేను ‘క్షేమం’ అని రాసినా ఆయన నమ్మలేదు. ఇరవయ్యేళ్లు. ఊరి నుంచి ఎవరైనా వస్తే వాళ్లని పక్కకి తీసుకెళ్లి అడిగేవారు, నిజంగా బాగుందా అని. నువ్వు పది రోజుల అబద్ధం అడుగుతున్నావు. పదకొండో రోజున ఆ కుర్రాడు వెనక్కి తిరిగి చూసుకుంటాడు కదా. ఆకుపచ్చ చీర అని మురిసిపోయిన ప్రతి మాటా గుర్తొస్తుంది. తను నమ్మినవాళ్లంతా కూడబలుక్కుని ఆడించారని తెలుస్తుంది.

సుబేదారు: కానీ అన్నయ్య తిరిగొచ్చాడు వదినగారూ. చేతులు వణక్కుండా పాతర్లు తీసి తిరిగొచ్చాడు. తెలిసుంటే ఏమయ్యేదో.

టీచరమ్మ: ఆ మాట ఆయన కూడా అన్నారు. ఒక్కసారే. ‘తెలిసుంటే చెయ్యి వణికేదేమో’ అని. అన్నాక కూడా క్షమించలేదు. రెండూ నిజమే మరిదీ, నేనేం చెయ్యను?

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇంతవరకు సుబేదారు గారు ప్రాణం గురించి మాట్లాడుతుంటే, టీచరమ్మ పరువు గురించి మాట్లాడుతున్నారని నేననుకుంటున్నాను. అది సరికాదు. ఆవిడ కూడా మాట్లాడుతున్నది సైనికుడి గురించే. యుద్ధానికి పంపేటప్పుడు మగాడివి అంటాం, ఇంటి కబురు దగ్గరికొచ్చేసరికి పసిపిల్లాణ్ణి చేస్తాం. ఆ చేసే హక్కు మనకెవరిచ్చారన్నది ఆవిడ ప్రశ్న.

సుబేదారు: సరే, నిజమే చెప్పాలనుకుందాం. చెప్పే పద్ధతి ఉంటుంది కదా. ఆ పిల్ల నాకొక్క ఫోను చేసి ఉంటే చాలు. నేను వాళ్ల సుబేదారు సాబ్‌తో మాట్లాడేవాణ్ణి. ఆయన వాణ్ణి నాలుగు రోజులు పోస్టు నుంచి దింపి లంగర్‌లో పనిలో పెట్టేవాడు. ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చినా ఎవడూ అడగడు. బడ్డీకి చెప్పేవాడు. అప్పుడు మెసేజ్ పెట్టమనేవాణ్ణి. నిజం తెలియడం వల్ల మనుషులు చావరు. ఒంటరిగా, రాత్రిపూట, చేతిలో రైఫిల్ ఉండగా తెలియడం వల్ల చస్తారు.

టీచరమ్మ: ఇదిగో, ఇప్పుడు దారికొచ్చావు. ఆ సుబేదారు సాబ్ నంబరు ఆ పిల్లకి ఎవరిచ్చారు?

సుబేదారు: …

టీచరమ్మ: పెళ్లయితే పార్ట్ టూ ఆర్డర్‌లో పేరు ఎక్కుతుంది. అప్పటినుంచి ఆమె భార్య. పింఛను దగ్గర్నుంచి క్యాంటీన్ కార్డు దాకా అన్నీ ఆ కాగితంతోనే. ఏడాదిన్నర నుంచి వాడితో రోజూ మాట్లాడుతున్న ఈ పిల్ల మీ కాగితాల్లో ఎక్కడుంది? వాడికి ఏమైనా అయితే మొదట ఫోను ఎవరికొస్తుంది? వాళ్లమ్మకి. ఈమెకి ఎవరో చెప్పాలి, లేకపోతే టీవీలో చూడాలి. ఆ నాలుగు రోజులూ ఆమె బకెట్ పక్కన ఫోను పెట్టుకుని ఎదురుచూసింది కూడా, రాదని తెలిసిన ఫోను కోసమే. అన్నీ ఆమె మీద పెడతారు, ఆమె చేతిలో ఏమీ పెట్టరు. పైగా, నీకెందుకు ఫోను చేస్తుంది? తండ్రి నోరు మూయించింది నువ్వే అని ఆమెకి తెలుసు.

సుబేదారు: నేను మూయించింది వాడి కోసం.

టీచరమ్మ: తెలుసు. ఆమెకేం తెలుసు? మగవాళ్లిద్దరు కూర్చుని తన మాట ఎప్పుడు చెప్పాలో ముహూర్తం పెట్టారని తెలుసు. అంతే.

సుబేదారు: వాడికి సెలవు మంజూరైంది. వచ్చే వారం వస్తున్నాడు. వాళ్ల సాబ్‌తో మాట్లాడాను, అన్నం తింటున్నాడట, డ్యూటీ చేస్తున్నాడట, ఎవరితోనూ మాట్లాడట్లేదట. రాగానే ముందు నా దగ్గరికే వస్తాడు, వాడి సంగతి నాకు తెలుసు. ‘మీకు ముందే తెలుసా?’ అని అడుగుతాడు. ఏం చెప్పమంటారు?

టీచరమ్మ: తొమ్మిదో తారీకునే తెలుసని చెప్పు. నేనే ఆపించానని చెప్పు. అమ్మాయి నీకు అబద్ధం చెప్పలేక తనంతట తనే చెప్పిందని కూడా చెప్పు. అది వాడికి తెలియాలి.

సుబేదారు: నాతో మాట్లాడడం మానేస్తాడు.

టీచరమ్మ: కొన్నాళ్లు మానేస్తాడు. వాళ్లమ్మ ఈపాటికి ఆ పిల్లని ఊరంతా తిరిగి తిట్టిపోస్తోంది. అది ఆపగలిగినవాడివి నువ్వొక్కడివే, మిలటరీవాడివి కాబట్టి నీ మాట వింటారు.

సుబేదారు: తిట్లు ఆపిస్తాను. నిజం కూడా చెబుతాను. కానీ వదినగారూ, ఇంకో ఇంట్లో ఇలాంటిది జరిగి మళ్లీ నా దగ్గరికొస్తే, పది రోజులు ఆగమనే అంటాను.

టీచరమ్మ: అను. ఈసారి తండ్రితో కాదు, ఆ పిల్లని కూర్చోబెట్టుకుని అడుగు. ఆగుతుందో లేదో ఆమె చెబుతుంది.